పేరు దొరకని మొదటామె: వేలూరు, గుడియాత్తం ఇళ్ల చరిత్రలో ఒక వెదుకులాట

వేలూరు అనగానే చరిత్ర విద్యార్థికి 1806 జూలై 10 గుర్తుకు వస్తుంది. కోటలోని సిపాయీలు తెల్లవారకముందే కుంపిణీ దొరల మీద తిరగబడ్డ రోజు అది. అప్పటికి టిప్పు సుల్తాన్ కుటుంబం ఆ కోటలోనే నిర్బంధంలో ఉంది. తిరుగుబాటుకు ముందురోజు అక్కడ టిప్పు కూతుళ్లలో ఒకామెకు పెళ్లి జరుగుతోంది. ఆ పెళ్లి సందడి మాటున సిపాయీలు కూడుకోగలిగారని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. తిరుగుబాటుకు కారణమైన కొత్త తలపాగా గురించి, చెరిపించిన నామాల గురించి, తీయించిన గడ్డాల గురించి మన విద్యార్థులు రెండు పుటలు రాయగలరు. ఆ పెళ్లికూతురి పేరేమిటని అడిగితే మాత్రం తరగతిలో ఒక్క చెయ్యి లేవదు.

వేలూరుకు రెండో గుర్తు అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల. దాని పుట్టుక కథ కూడా చాలామందికి తెలుసు. 1890ల తొలి ఏళ్లలో తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు, ఒక బ్రాహ్మణుడు, ఒక మహమ్మదీయుడు, మరొక హిందువు, ఒకరి తరువాత ఒకరు మిషనరీ వైద్యుని ఇంటి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ పురుటినొప్పులు పడుతున్నారు. పరాయి మగ వైద్యుడు రావడానికి ఆ భర్తలు ఒప్పుకోలేదు. ఆయన కూతురు ఐడా స్కడర్‌ను రమ్మన్నారు. వైద్యం తెలియని ఆమె వెళ్లలేకపోయింది. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఐడా అమెరికా వెళ్లి 1899లో వైద్యపట్టా పుచ్చుకొని, 1900లో తిరిగివచ్చి వేలూరులో వైద్యం మొదలుపెట్టింది. 1902లో నలభై పడకల ఆసుపత్రి లేచింది. రాబర్ట్ షెల్ అనే అమెరికను ధనికుడు తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన పదివేల డాలర్లతో కట్టినది కనుక దానికి ఆమె పేరే, మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి అని, పెట్టారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. వేలూరు నేల మీద ఎన్నడూ అడుగుపెట్టని ఆ అమెరికను ఇల్లాలి పేరు శిలాఫలకానికి ఎక్కింది. ఆసుపత్రికి కారణమైన ముగ్గురు పడుచుల పేర్లు ఏ ఫలకం మీదా లేవు. దీనికి ఎవరినీ నిందించి లాభం లేదు. చావు కబురు తెలుసుకొని వచ్చిన మనిషికి వాళ్లు ఫలానావారి భార్యలు, అంతే. ఆ రోజుల్లో పరాయివాళ్ల ముందు ఇంటి ఆడవాళ్ల పేరు పలికే ఆనవాయితీ లేదు. కాని ఆ ముగ్గురికీ పుట్టిళ్లు ఉన్నాయి, పేర్లు పెట్టిన మేనత్తలు ఉన్నారు. ఆ ఇళ్లలో ఎవరో ఒకరు కొంతకాలమైనా వాళ్లను తలచుకొని ఉంటారు.

ఆంధ్రేతర ప్రాంతాల్లో తెలుగు చదివే విద్యార్థులకు మేము తరచు వంశవృక్షం రాసుకురమ్మని చెబుతూ ఉంటాం. వలస వచ్చిన దారి, ఇంటిపేరు, ఇంట్లో మిగిలిన తెలుగు మాటలు, ఇవన్నీ భాషాచరిత్రకు ముడిసరుకు. వాళ్లు తెచ్చిన వృక్షాల్లో మగవాళ్ల పేర్లు ఆరేడు తరాల వరకు కనిపిస్తాయి. ఆడవాళ్ల పేర్లు రెండో తరంలోనే పలచబడతాయి. ఇక చిన్న వయసులో చనిపోయిన కోడలి విషయం చెప్పనక్కరలేదు. ముత్తాత పేరు పక్కన రెండో భార్య పేరు ఉంటుంది, ఎందుకంటే అందరూ ఆమె సంతానమే. ముందున్నామె గురించి అడిగితే, 'మొదటామె ఒకరు ఉండేదట, పురిట్లో పోయిందట' అన్న ఒక్క వాక్యం వస్తుంది. ఆ ఒక్క వాక్యం నుంచి ఒక జీవితాన్ని ఎంతవరకు తిరిగి కూర్చగలం? ఈ వ్యాసంలో పరిశీలించదలచినది ఇదే.

ఇందుకు ఒక ఉదాహరణ తీసుకొందాం. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఈ ప్రాంతపు ఇళ్లలో వినిపించే మాటలను ఒకచోట చేర్చి, ఆధారాలు ఎలా పనిచేస్తాయో చూపడానికి కల్పించుకొన్నది. గుడియాత్తంలో మగ్గాల మీద బతికిన ఒక తెలుగు కుటుంబం. ముత్తాతకు మొదటి భార్య పలమనేరు పిల్ల. కాళయుక్తి సంవత్సరంలో, ఆశ్వయుజ బహుళంలో, నిండు చూలాలుగా ఉండి చనిపోయింది. ఆమె జాతకం మంచిది కాదని, వచ్చిన ఏడాదికే ఇంట్లో రెండు చావులు తెచ్చిందని అత్తింటివారి మాట. పేరు ఎవరికీ గుర్తులేదు.

మొదట చోటు సంగతి

వెదుకులాటకు ముందు నేల స్వరూపం తెలియాలి. వేలూరు ప్రాంతంలో తెలుగు నిన్న మొన్న వచ్చింది కాదు. 16వ శతాబ్దంలో వేలూరును ఏలిన చిన బొమ్మినాయకుడి కాలానికే ఇక్కడ తెలుగు పాలకులు ఉన్నారు. 17వ శతాబ్దపు మొదట్లో ఆరవీటి రాజులకు వేలూరు రాజధాని అయింది. వారి వెంట, వారికి ముందూ వెనకా, సేద్యగాళ్లు, నేతగాళ్లు, వర్తకులు దిగివచ్చి స్థిరపడ్డారు. గుడియాత్తం కౌండిన్యనది ఒడ్డున ఉన్న ఊరు. నేతకు, లుంగీలకు, తరువాతి కాలంలో అగ్గిపెట్టెలకు పేరుబడింది. పైన పీఠభూమి మీద పలమనేరు, కింద గుడియాత్తం. మధ్యనున్న కనుమ పెళ్లి సంబంధాలకు ఏనాడూ అడ్డు కాలేదు.

కాగితాలకు మాత్రం అడ్డే. 1911 వరకు చిత్తూరు, పలమనేరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. 1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా వేరుపడింది, ఉత్తర ఆర్కాటు కచేరీ వేలూరుకు మారింది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక పలమనేరు ఒక రాష్ట్రంలోనూ, గుడియాత్తం మరొక రాష్ట్రంలోనూ ఉండిపోయాయి. 1960 ఏప్రిల్ 1న హద్దులు మరోసారి సర్దుకొని తిరుత్తణి అటు వెళ్లింది. 2019లో వేలూరు జిల్లా నుంచి రాణిపేట, తిరుపత్తూరు జిల్లాలు విడిపోయాయి. కనుక మన ఉదాహరణలోని పిల్ల పుట్టినప్పుడు పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే జిల్లా. చనిపోయినప్పుడు రెండు జిల్లాలు. ఆమె మనుమలు వెదకబోయేసరికి రెండు రాష్ట్రాలు, రెండు అధికార భాషలు. గుడియాత్తానికి సంబంధించిన పాత జిల్లా కాగితం చిత్తూరులో రాసినదై ఉండవచ్చునన్న సంగతి తెలియక చాలామంది వేలూరు కచేరీలోనే వెదికి విసిగి వదిలేస్తారు.

రెండో చిక్కు లిపి. తమిళలిపిలో క, గలకు ఒకే అక్షరం, ప, బలకు ఒకే అక్షరం. మన గంగమ్మ అక్కడి రిజిస్టరులో కంగమ్మగా, బంగారమ్మ పంగారమ్మగా చదవబడే అవకాశం ఉంది. చివర అమ్మ అన్నది అమ్మాళ్ అవుతుంది. ఇంటిపేరు పోయి తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందుకు వస్తుంది. ఇంగ్లీషు దస్తావేజులో గుడియాత్తం పేరే మూడు నాలుగు విధాలుగా రాసి కనిపిస్తుంది. అందువల్ల ఒకే పేరును నాలుగు రూపాల్లో కాగితం మీద రాసుకొని వెదకడం మొదటి పాఠం.

ఇంట్లో దొరికే ఆధారాలు

కచేరీలకు పోకముందు ఇంట్లోనే చూడాలి. మొట్టమొదట చూడవలసినది దేవుడి గది అంటే కొందరు ఆశ్చర్యపోతారు. భర్త ఉండగా పోయిన స్త్రీని తెలుగువారు పేరంటాలుగా కొలుస్తారు. ఇంట్లో పెళ్లి తలపెడితే ముందుగా ఆమె పేర చీర, రవిక, పసుపు, కుంకుమ, గాజులు పెట్టి, ఒక ముత్తైదువకు భోజనం పెడతారు. ఈ ప్రాంతపు తమిళులు ఇలాంటి ఇంటిదేవతను పూవాడైక్కారి అంటారు. ఇరుగుపొరుగున ఉండి ఉండి రెండు ఆచారాలూ కలిసిపోయిన తెలుగిళ్లు కూడా ఇక్కడ ఉన్నాయి. పూజ తరాల తరబడి నడుస్తుంది. ఎవరికి చేస్తున్నారో మాత్రం రెండు తరాల్లో మరచిపోతారు. పేరంటాలమ్మ అన్న మాటే పేరుగా నిలిచిపోతుంది. ఇల్లు ఆమెను దేవతను చేసింది, ఆ దేవతరికంలోనే మనిషి పేరు కలిసిపోయింది.

అయినా ఆ పూజలో కొన్ని గుర్తులు మిగులుతాయి. ఏ రంగు చీర పెడతారు, ఏ పిండివంట తప్పనిసరి, ఏది నిషిద్ధం అని అడగాలి. 'ఆమెకు నల్లచీర పనికిరాదు', 'ఆమెకు బొబ్బట్లంటే ఇష్టమట' అన్న మాటలు ఎక్కడినుంచో ఊడిపడవు. ఎవరో చూసినవారు మొదట చెప్పి ఉండాలి. ఇలాంటివి రుజువులు కావు. ఆమె ఒకప్పుడు ఇష్టాయిష్టాలున్న మనిషి అని గుర్తుచేస్తాయి, అంతవరకు విలువైనవే.

రెండోది బంగారం. మొదటి భార్య పోయినవాడు మళ్లీ పెళ్లాడితే, రెండో భార్య మెడలో మొదటామె గుర్తుగా ఒక చిన్న బంగారు బిళ్ల కట్టుకొనే వాడుక చాలా కులాల్లో ఉంది. ఆ బిళ్ల కరిగించకుండా ఉంటే మొదటి భార్య ఉన్నదన్న మాట కేవలం వదంతి కాదని తేలుతుంది. ఇక ఇత్తడి బిందెలు, చెంబులు. పుట్టింటివారు సారె పెట్టేటప్పుడు గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించడం మనవారికి అలవాటు. అటక మీది పాత బిందె అంచున రెండు తెలుగు అక్షరాలు, ఇంట్లో ఎవరి పేరుకూ సరిపోనివి, కనిపిస్తే వాటిని చింతపండుతో తోమకముందే రాసుకోవాలి.

మూడోది తద్దినం. తద్దినం పెట్టే ఇళ్లలో తర్పణం విడిచేటప్పుడు తల్లి, నాయనమ్మ, తాతమ్మ పేర్లు చెప్పాలి. సవతితల్లి ఉంటే ఆమె పేరూ చెబుతారు. మగవాళ్ల వంశవృక్షంలో లేని ఆడపేర్లు పురోహితుల నోట, వారి పాత పుస్తకాల్లో నిలిచి ఉండడానికి కారణం ఇదే. కాశీ, గయ వెళ్లివచ్చిన ఇళ్లయితే అక్కడి పండాల వహీల్లో కూడా చూడవచ్చు. అయితే ఈ దారి అన్ని కులాలకూ తెరిచి లేదు. బిడ్డను మిగల్చకుండా పోయిన స్త్రీకి అసలే మూసుకొని ఉంటుంది.

నాలుగోది, అన్నిటికంటె ముఖ్యమైనది, పుట్టిల్లు. అత్తింట మరచినదాన్ని పుట్టింట మరచిపోరు. మన ఉదాహరణలోని కుటుంబం ఇన్నాళ్లూ గుడియాత్తంలోనే వెదికింది. కనుమ ఎక్కి పలమనేరు వెళ్లాలని తోచలేదు. అక్క పోతే చెల్లెలిని ఇచ్చే ఆచారం ఉన్నచోట రెండో భార్య పుట్టిల్లు కూడా అదే అయి ఉండవచ్చు. అక్కడ మేనత్తల వరసవాళ్లను, ముఖ్యంగా ఆ ఇంటి ఆడపడుచుల కూతుళ్లను కలుసుకోవాలి. ఆడపేర్లు ఆడవాళ్ల వెంట నడుస్తాయి. పోయిన అక్క పేరు చెల్లెలి కూతురికి పెట్టడం మనలో మామూలు. ఆ తరువాతి తరంలో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలకు ఒకే పేరు పదేపదే వస్తూ ఉంటే, అది ఎవరి పేరని అడగాలి. అత్తగారి పేరూ కోడలి పేరూ ఒకటే అయితే కోడలిని వేరే పేరుతో పిలవడం కూడా ఉంది. కనుక ఒకే మనిషికి రెండిళ్లలో రెండు పేర్లు వినిపిస్తే తికమకపడకూడదు.

పెద్దవాళ్లను ప్రశ్నించే పద్ధతి గురించి ఒక మాట. 'ఆమె పేరేమిటి?' అని మొదలుపెడితే 'ఏమో నాయనా' అన్న జవాబుతో అయిపోతుంది. 'మీ అమ్మమ్మ ఎవరిని తలచుకొని కన్నీళ్లు పెట్టుకొనేది?', 'ఆ గాజులు ఎవరివి?', 'ఆ తిథినాడు ఎందుకు పండుగ చేయరు?' అని మొదలుపెడితే మాట సాగుతుంది. చెప్పనని ఒకరు తల తిప్పుకొంటే ఆ మౌనాన్నీ రాసుకోవాలి, కాని వాళ్లను గుచ్చి గుచ్చి అడగకూడదు.

తిథి చెప్పే సాక్ష్యం

మన ఉదాహరణకు తిరిగి వద్దాం. పేరు గుర్తులేకపోయినా కాలం గుర్తుంది: కాళయుక్తి, ఆశ్వయుజ బహుళం. మన పెద్దలు అంకెలు చెప్పకపోయినా సంవత్సరం పేరు చెబుతారు. అరవై ఏళ్లకు ఒకసారి తిరిగి వచ్చే పేరు కనుక ఏ ఆవృత్తమో తరాల లెక్కను బట్టి తేల్చుకోవాలి. కాళయుక్తి 1858లో, 1918లో, 1978లో వచ్చింది. ముత్తాత మొదటి పెళ్లి కాలానికి 1918 ఒక్కటే సరిపోతుంది. ఇదే రీతిలో ధాత కరువు అంటే 1876తో మొదలైన మహాక్షామం. తమిళులూ దానిని తాదు వరుష పంజం అనే అంటారు.

నెలల విషయంలో జాగ్రత్త అవసరం. తెలుగువారిది చాంద్రమానం, తమిళులది సౌరమానం. రెంటిలోనూ వైశాఖం, వైగాసి అని పోలికగల పేర్లున్నా అవి ఒకే రోజులు కావు. వేలూరు తెలుగువారు రెండు లెక్కలూ వాడతారు. బహుళం, శుద్ధం అన్న మాట ఉంటే చాంద్రమానమని తెలుసుకోవచ్చు. మన తిథి అలాంటిదే. పంచాంగం తిరగేస్తే 1918 ఆశ్వయుజ బహుళం అక్టోబరు 20 ప్రాంతంలో మొదలై నవంబరు 3 దీపావళి అమావాస్యతో ముగిసింది.

ఈ తేదీ దగ్గర కథ మలుపు తిరుగుతుంది. 1918 అక్టోబరు, నవంబరు నెలలంటే ఇన్‌ఫ్లుయెంజా రెండో విడత దేశమంతా పాకిన కాలం. విషజ్వరం అని చాలా ఊళ్లలో చెప్పుకొన్నది దానినే. మనదేశంలో కోటికి పైగా జనం పోయారని అంచనాలు ఉన్నాయి. మామూలు జ్వరాల్లా ముసలివాళ్లను, పసివాళ్లను మాత్రమే కాక, నడివయసు దాటని గట్టి మనుషులను అది ఎక్కువగా పొట్టన పెట్టుకొంది. గర్భిణీలకు మరీ ప్రాణాంతకమైందని, కడుపులు పోయాయని వైద్యచరిత్ర చెబుతోంది. అంటే ఆ పడుచు జాతకం వల్ల ఇంట్లో చావులు రాలేదు. ఆ ఏడు ఊళ్లకు ఊళ్లే చావులు చూశాయి. ఆమె కూడా వాళ్లలో ఒకతె అయి ఉండడానికే ఎక్కువ అవకాశం.

అయి ఉండవచ్చు అంటున్నామే తప్ప అయిందని అనడం లేదు. నిండు చూలాలు వేరే కారణాన కూడా పోవచ్చు. రిజిస్టరు దొరికినా అది తేలకపోవచ్చు, ఎందుకంటే ఆ రోజుల్లో మరణకారణం అన్నచోట జ్వరం అన్న ఒక్క మాటతో సరిపెట్టేవారు. కాని ఇంట్లో రెండు చావులు తెచ్చిన నష్టజాతకురాలన్న నింద ఇక నిలవదు. ఒక తేదీని సరిగా కట్టడం వల్ల ఒక మనిషి మీది నింద తొలగితే, ఆ శ్రమ వృథా కాదని మేము భావిస్తున్నాం.

ఆ తేదీ మరొకటి కూడా చెబుతుంది. 1918లోనే, ఆ జ్వరం ఊళ్ల మీద పడడానికి కొద్ది నెలల ముందు, వేలూరులో స్త్రీలకు వైద్యపాఠశాల తెరిచారు. మొదటి బృందం చదువు ముగించుకొని బయటికి వచ్చింది 1922లో. అంతకు ముందే, 1906 ప్రాంతంలో ఎడ్లబండి మీద మొదలైన దారివెంట వైద్యం, 1909లో వచ్చిన ప్యూజో కారుతో గుడియాత్తం బాట పట్టింది. చెట్ల కింద బండి ఆగితే జనం మూగి మందులు తీసుకొనేవారు. అంటే ఆ పడుచు బతికిన ఊరి దారిలోనే లేడీడాక్టరు బండి తిరుగుతూ ఉండేది. ఆమె ఆ బండి దగ్గరికి వెళ్లిందా, వెళ్లనిచ్చారా అన్నది మన ఆధారాలు చెప్పవు. ఒకతె కథను ఊరి కథతో కలిపి చదివినప్పుడే ఇలాంటి ప్రశ్న పుడుతుంది.

కచేరీ కాగితాలు

ఇక బయటి ఆధారాలు. మద్రాసు రాజధానిలో జననమరణాల నమోదుకు 1899లో చట్టం వచ్చింది. గ్రామాధికారులు రాసిన ఆ రిజిస్టర్లలో పుట్టిన బిడ్డ పేరు ఉండకపోవడమే ఎక్కువ. ఆడ శిశువు అని, తండ్రి పేరు అని ఉంటుంది. మరణాల్లో ఫలానావాని భార్య అని రాయడం కద్దు. కనుక ఆమె పేరుతో కాక భర్త పేరుతో, తేదీతో వెదకాలి. సబ్‌రిజిస్ట్రారు కచేరీల్లోని దానపత్రాలు, విభాగపత్రాలు ఇంకొక దారి. పుట్టింటివారు పసుపు కుంకుమల కింద సెంటు భూమి రాసి ఇచ్చినా అక్కడ ఆమె పేరు తప్పనిసరిగా ఉంటుంది. డబ్బు, భూమి చేతులు మారేచోట సర్కారు పేరు రాయక మానదు.

వేలూరులోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. తెలుగు మూలాలున్న నాయక వంశపు చివరి సింహళ రాజు శ్రీవిక్రమ రాజసింహుడు 1815లో పట్టుబడి, 1816లో వేలూరు కోటకు వచ్చి, 1832 జనవరి 30న ఇక్కడే చనిపోయాడు. ఆయన సమాధి పాలారు ఒడ్డున ఉంది. ఆయన రాణి వెంకట రంగమ్మ పేరు మనకు తెలుసు. రాజబందీల లెక్క రాసుకోవలసిన అవసరం కుంపిణీకి ఉంది. మామూలు ఇంటి కోడలి లెక్క ఎవరికీ అవసరం కాలేదు.

జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంగ్లండులో పాత జనాభా పత్రాల్లో ఇంటింటి మనుషుల పేర్లు దొరుకుతాయని విదేశాల్లోని మన విద్యార్థులకు తెలుసు. ఇక్కడ మొత్తాలు అచ్చువేసి పేర్ల పత్రాలను దాచలేదు. ఆ కుటుంబం క్రైస్తవం పుచ్చుకొన్నదైతే మాత్రం 1853లో మొదలైన ఆర్కాటు మిషను చర్చీల బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు చూడాలి. జిల్లా స్థాయి పాత కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు రాష్ట్ర దస్తావేజుల భాండాగారం ఉంది. ఐడా స్కడర్ కాగితాలు హార్వర్డులోని ష్లెసింజర్ గ్రంథాలయంలో ఉన్నాయి. అమెరికాలో చదివే మన పిల్లలు గుడియాత్తం దారి గురించి అక్కడ కూర్చొని చదువుకోవచ్చు.

ఒక విచిత్రం చెప్పాలి. ఇల్లు విడిచి ఓడ ఎక్కిన ఆడదాని గురించి మనకు ఎక్కువ తెలుసు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి 342 మందితో దర్బను చేరింది. అప్పటినుంచి నేటాలు వెళ్లినవారి జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తులు రాశారు. ఉత్తర ఆర్కాటు పేరు వాటిలో తరచు కనిపిస్తుంది. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీ వెళ్లినవారి పాసుల్లోనూ ఇవే వివరాలు. కూలికి పోయిన పద్దెనిమిదేళ్ల పడుచు మోచేతి మీద మచ్చ ఉందని నూరేళ్ల తరువాత చదవగలం. అదే ఊళ్లో, అదే వయసులో, మెట్టినింట పోయిన పడుచు పేరు కూడా చెప్పలేం. దర్బనులో, సువాలో తెలుగు నేర్చుకొంటున్న విద్యార్థులు తమ వంశం మొదలు తెలియదని బాధపడుతూ ఉంటారు. ఈ ఒక్క విషయంలో వారి చేతిలో ఉన్న కాగితం గుడియాత్తంలోనే ఉండిపోయిన ఇళ్లకు లేదు.

కూర్చడం

ఇన్ని ముక్కలు చేతికి వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. కాగితాన్ని మూడు గళ్లుగా గీయమని మేము విద్యార్థులకు చెబుతాం. మొదటి గడిలో రూఢి అయినవి: కాళయుక్తి ఆశ్వయుజ బహుళం, పలమనేరు పుట్టిల్లు, మెడలోని బిళ్ల. రెండో గడిలో సంభావ్యాలు: జ్వరం, వయసు. వయసు ఎలా కట్టాలంటే, 1930లో శారదా చట్టం అమలులోకి రాకముందు చాలా ఇళ్లలో ఆడపిల్లకు పదీ పన్నెండేళ్లకే పెళ్లి చేసేవారు, ఈడేరిన తరువాత కాపురానికి పంపేవారు. కాపురానికి వచ్చిన ఏడాదికే పోయిందన్న మాట నిజమైతే ఆమెకు పదిహేనుకూ పద్దెనిమిదికీ మధ్య ఉండవచ్చు. మూడో గడిలో తెలియనివి: చదువు వచ్చా, భర్తతో పొత్తు ఎలా ఉండేది, చివరి రోజున పక్కన ఎవరున్నారు.

మూడో గడిని కథలతో నింపాలన్న కోరిక అందరికీ పుడుతుంది. నవల రాయదలచుకొంటే నవల అనే రాయండి. కుటుంబ చరిత్ర అని పేరుపెట్టి కన్నీళ్లు కల్పించడం ఆ పోయిన మనిషికి చేసే రెండో అన్యాయం. మొదటిసారి ఆమెను మరచాం, రెండోసారి ఆమె చోట మరొకతెను నిలబెడతాం. అలాగే దొరికిన ప్రతి సంగతినీ చాటవలసిన పని లేదు. రెండో భార్య సంతానం బతికి ఉన్నారు. వాళ్ల నాయనమ్మను తక్కువ చేసి మొదటామెను ఎత్తనక్కరలేదు. తెలియనిచోట తెలియదని రాయడం చిన్నతనం కాదు.

పేరు చివరికి దొరకకపోవచ్చు. దొరకకపోయినా వంశవృక్షంలో ముత్తాత పక్కన ఒక గీత గీసి, ఆ గీత మీద 'పలమనేరు ఆడపడుచు, కాళయుక్తి ఆశ్వయుజ బహుళంలో పోయినది' అని రాయవచ్చు. తరువాతి వెదుకులాటకు అది చోటు చూపిస్తుంది. ఆ గీత లేకపోతే అక్కడ వెదకవలసినది ఉందనే ఎవరికీ తెలియదు.

తిండివనం ముగ్గురి విషయంలో మనం చేయగలిగినది చాలా తక్కువ. మన ఇళ్లలోని మొదటామెల విషయంలో ఇంకా కొంత వ్యవధి ఉంది. తొంభై ఏళ్ల అమ్మమ్మలు కొందరు ఇంకా ఉన్నారు. కాళయుక్తి నాటివారిని చూసిన కళ్లు అవే చివరివి. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లే విద్యార్థులు పాత బిందెల అంచులు చూడండి, పెళ్లికి ముందు పెట్టే చీర ఎవరికో అడగండి, విన్న మాటలను విన్న యాసలోనే రాసుకోండి. మూడు గళ్ల కాగితాన్ని, ఇంటివారు అంగీకరిస్తేనే, మా పీఠానికి పంపండి. బతికి ఉన్నవారి పేర్లు తీసివేసి, పోయినవారి పేర్లు మాత్రం ఉంచి, వాటిని భద్రపరచే ఏర్పాటు చేస్తాం.